పిచ్చుక కోసం దాచిన ఎర్ర గుండీ

నాయనమ్మ గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుందంటే చాలు, మనవరాలికి కడుపు మండిపోయేది.

నలభై ఏళ్లు బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన మనిషి నాయనమ్మ. ఇప్పుడు ఆ మిషను తొక్కేది మనవరాలు. మతిమరుపు జబ్బు ముదిరి, నాయనమ్మ సొంత వీధిలోనే దారి తప్పిన ఏడాది, ఆ పిల్ల తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. అప్పట్నుంచీ ఆవిడకి స్నానం, అన్నం, మందులు, జడ అన్నీ తనే. అయినా నాయనమ్మ దృష్టిలో తను కొత్తగా చేరిన కుట్టుపని మనిషి.

"అమ్మాయ్, ఆ ఎర్ర గుండీ ముట్టుకోకు. మా పిచ్చుకది."

పిచ్చుక అంటే తనే. ఆరేళ్లప్పటి తను. రోజూ నాలుగింటికి పక్క వీధిలో బడి గంట మోగగానే నాయనమ్మ ముఖం చాటంత చేసుకుని గుమ్మం వైపు చూసేది.

"నీ పిచ్చుక ఏం ఘనకార్యం చేస్తుందని అంత మురిసిపోతావు?" అని ఓరోజు మనవరాలు దెప్పింది.

"ఏమీ చెయ్యదు. వచ్చి నా ఒళ్లో కూర్చుంటుంది."

ఏమీ చెయ్యనిదానికేమో ఎర్ర గుండీలు. ఒళ్లు హూనం చేసుకునే తనకేమో 'అమ్మాయ్'. తన మీద తనకే కుళ్లేమిటని సిగ్గేసింది. సిగ్గేసినా కుళ్లు తగ్గలేదు.

"నేనే నీ పిచ్చుకని" అని చెప్పి కూడా చూసింది.

"పోవే, గాడిదంత ఉన్నావు!" అని నాయనమ్మ పడీపడీ నవ్వింది.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం, మనవరాలు చొక్కా గుడ్డ కత్తిరిస్తుంటే నాయనమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఊరందరికీ కుట్టేదానివి, నీ చొక్కా చేతికే గుండీ లేదేమే?"

డబ్బా అంతా కెలికి ఎర్రది తీసింది. వేళ్లు వణుకుతున్నా దారం మొదటిసారికే సూదిలోకి ఎక్కింది. నాలుగు కుట్లు, మూడు చుట్లు, ముడి. దారం పంటితో కొరికేటప్పుడు ఆవిడ చెంప మనవరాలి చేతికి ఆనింది. మనవరాలు ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఇది పిచ్చుకది కదా, నాయనమ్మా?"

నాయనమ్మ గుమ్మం వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించింది. "దానికి చెప్పకు. వట్టి కుళ్లుబోతు పిల్ల. నేను ఇంకొకర్ని దగ్గరకి తీస్తే ఓర్వలేదు."

"చెప్పను."

పక్క వీధిలో బడి గంట మోగింది. మనవరాలు ఎర్ర గుండీ ఉన్న చేతిని చప్పున వీపు వెనక దాచుకుంది.