హిదాయతుల్లా మూయని పేజీలు

హిదాయతుల్లా భాయ్‌కి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. టీ ఇస్తే గ్లాసు పైకెత్తి అడుగున ఏముందో చూసి గాని తాగడు. బజారులో తూయించిన ఉల్లిపాయల్ని ఇంటికెళ్లి మళ్లీ తూస్తాడు. టీవీలో వాన పడుతుందని చెబితే గొడుగు ఇంట్లోనే వదిలేసి వస్తాడు. ఏదో లాభం లేకపోతే వాళ్లు ఊరికే ఎందుకు చెబుతారని అతని వాదన. అలా తడిసి ముద్దయి వచ్చిన రోజులు నేను చాలా చూశాను. అప్పుడు కూడా వానదే తప్పు, అతనిది కాదు.

అనకాపల్లి మెయిన్ రోడ్డు నుంచి ఒక సందు లోపలికొస్తే అతని కొట్టు. కుక్కర్లకి, మిక్సీలకి, గ్యాస్ స్టవ్‌లకి విడిభాగాలు అమ్ముతాడు. పక్క కొట్టు నాది. మేకులు, గొళ్ళేలు, తాళాలు. నా పేరు చంద్రమౌళి. రెండు కొట్లకీ మధ్య ఒకటే గోడ. అతను నన్ను బావా అంటాడు. ఆ లెక్కన అతని భార్య మదీనాబీ నాకు చెల్లెలు, కూతురు ఇల్మాకి నేను మావయ్యని. ఈ వరసలు ఎవరు కలిపారో నాకు తెలీదు, ఎప్పుడో కలిసిపోయాయి.

మా సందులో ఒక పద్ధతుంది. కాసేపు బయటికి వెళ్లేవాడు షట్టర్ దించడు. గుమ్మానికి అడ్డంగా స్టూలు పెట్టి, పక్క కొట్టువాడితో "సూసుకో" అంటాడు, అంతే. మధ్యాహ్నం నమాజుకి హిదాయతుల్లా అలాగే వెళ్లేవాడు. బేరం వస్తే నేను వెళ్లి అతని కుర్చీలో కూర్చునేవాణ్ణి. అతను తిరిగొచ్చాక నేను భోజనానికి వెళ్తే నా కొట్టు అతను చూసేవాడు. లోకాన్నంతా అనుమానించే మనిషి ఆ స్టూలు పెట్టాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. అందరిలో నన్నొక్కణ్ణి వదిలేశాడన్న గర్వం నాకు ఉండేది. ఉందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అతని కొట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఎవరైనా విరిగిన ముక్క పట్టుకొస్తే, ఢిల్లీలోనో రాజ్‌కోట్‌లోనో ఉన్న హోల్‌సేల్ వాళ్ల సైట్లు వెతికి, అలాంటిదే ఫొటో ఉన్న పేజీ తెరిచేవాడు. ఆ సరుకు వచ్చేదాకా ఆ పేజీ మూసేవాడు కాదు.

"మూసేత్తే మళ్ళీ దొరకదు బావా. ఆళ్ళు రేత్రికి రేత్రి పేజీ మార్చేత్తారు," అనేవాడు.

అలా మూయకుండా మూయకుండా తెర మీద ట్యాబ్‌లు కిక్కిరిసి, పేర్లు కనబడనంతగా చిక్కిపోయాయి. అయినా ఫలానాది రాంబిల్లి ఆవిడ మిక్సీ జారు, ఫలానాది హోటలోడి బర్నరు అని ఉన్న చోటుని బట్టి చెప్పేసేవాడు. చివరికి కంప్యూటర్‌కే ఆయాసం వచ్చింది. ఒక పేజీ తెరుచుకునేలోపు నేను అరకిలో మేకులు తూసి పొట్లం కట్టేసేవాణ్ణి.

ఇల్మా అచ్యుతాపురంలో ఒక కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే దీపాల వేళకి దిగుతుంది. ఒక సెలవు రోజున కొట్టుకొచ్చి, తండ్రి అవస్థ చూసి, బ్రౌజర్‌లో ఒక యాడ్-ఆన్ పెట్టింది. అది ట్యాబ్‌లని రకాల వారీగా గుంపులు చేసి రంగులు వేస్తుంది. పని అయిపోయినవాటిని బుక్‌మార్క్‌లుగా దాచిపెడుతుంది. తెరిచిన పేజీనే మళ్లీ తెరిస్తే పసుప్పచ్చ పట్టీ చూపించి చెబుతుంది. ఇదంతా ఇల్మా వివరిస్తుంటే భాయ్ మాత్రం అది పెట్టేముందు తెర మీద వచ్చిన హెచ్చరికనే పట్టుకుని కూర్చున్నాడు. మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని ఇది చదవగలదు, మార్చగలదు అని ఉంది అందులో.

"సదవడమే కాదు, మారుత్తాదట కూడానా!"

"అన్నిటికీ అలాగే అడుగుద్ది అబ్బాజాన్. లేకపోతే ట్యాబ్‌లు ఎలా సర్దుద్ది?"

"ఊరికే సర్దుతాదా?"

"ఊరికేనే."

"ఊరికే ఇంటికొచ్చి బీరువా సర్దుతానన్నోడికి తాళాలిచ్చేత్తావేటే?"

తాళాలమ్ముకునేవాణ్ణి కాబట్టి ఆ మాటలో నాకు న్యాయం కనిపించింది. అతని పక్షమే మాట్లాడాను. ఇల్మా మా ఇద్దరినీ చూసి నవ్వి, దాన్ని ఎంతమంది వాడుతున్నారో, ఎవరు తయారుచేశారో అన్నీ చూసే పెట్టానని చెప్పి వెళ్లిపోయింది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. కుక్కర్లు ఎరుపు, మిక్సీలు ఆకుపచ్చ, స్టవ్‌లు నీలం. బేరానికొచ్చిన వాళ్లకి తెర తిప్పి చూపించి మురిసిపోవడం నా కళ్లారా చూశాను. తర్వాత ఆ పసుప్పచ్చ పట్టీ రావడం మొదలైంది. "ఈ పేజీ ఇప్పటికే తెరిచి ఉంది" అని దాని మీద. పక్కనే అది ఎప్పుడెప్పుడు తెరిచారో టైములు.

"నాను ఒక్కసారే తెరిసేను బావా. ఈ రెండోది ఎవుడు తెరిసేడు?"

మొదటి అనుమానం యాడ్-ఆన్ మీద. కెమెరా కన్నానికి కుక్కర్ స్టిక్కరు అంటించాడు. తర్వాత పైవాటా వాళ్ల మీద, మన వైఫై వాడేస్తున్నారని పాస్‌వర్డ్ మార్చాడు. తర్వాత హోల్‌సేల్ వాళ్ల మీద. ఒకే రకం కుక్కర్ పిడులు రెండు పెట్టెలు దిగాయి. ఒకటి చెబితే రెండు అంటగడుతున్నారని ఫోన్లో దుమ్మెత్తిపోశాడు. రెండుసార్లు ఆర్డర్ పెట్టింది మీరే సార్ అని అవతలివాడు మొత్తుకుంటుంటే, నేను ఫోన్ లాక్కుని వాడికి నాలుగు తగిలించాను. మా భాయ్ మాట మీద నాకంత గురి. ఆ రోజుల్లోనే, టీ తాగి గ్లాసులు కింద పెట్టిన కాసేపటికే "టీ తాగుదామేటి బావా?" అని అడిగేవాడు. ఆట పట్టిస్తున్నాడనుకుని మళ్లీ తాగేవాణ్ణి.

పిల్ల మాత్రం ఒకటే మాట చెప్పింది. యాడ్-ఆన్ చూపిస్తుంది గాని తెరవదు. ఎవరో ఒకరు నొక్కితేనే పేజీ తెరుచుకుంటుంది. చెప్పగా చెప్పగా అతనికి నమ్మకం కుదిరింది. నా కొంప మునిగింది కూడా అప్పుడే.

ఆ రోజు నమాజు నుంచి వచ్చి స్టూలు తీయకుండా గుమ్మం అవతలే నిలబడ్డాడు. నేను అతని కుర్చీలో ఉన్నాను.

"చంద్రమౌళి గారూ, మీరు నా సిస్టం ముట్టుకుంటున్నారా?"

గారూ! అన్నేళ్లలో ఆ మాట అతని నోట వినలేదు. తిట్టినా అంత తగిలేది కాదు.

"ముట్టుకోకపోతే ఎలాగ భాయ్? కూకోమన్నది నువ్వే కదా," అన్నాను నవ్వుతూనే.

"పేజీలు ఎందుకు తెరుత్తున్నారు? నా సరుకు ఎక్కణ్ణుంచి వత్తందో కూపీ లాగడానికా?"

"నీ కుక్కర్ పిడులు నాకెందుకయ్యా! మేకులమ్ముకునేవోణ్ణి!"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని మీరే అంటారు కదా."

నేను లేచి స్టూలు పక్కకి నెట్టి వచ్చేశాను. ఆ పూట అన్నం సయించలేదు. కోపం ఒక వంతైతే అవమానం మూడొంతులు.

మర్నాడు మసీదు నుంచి అజాఁ వినబడగానే ఎప్పటిలాగే అటు చూశాను. షట్టర్ గరగరమంటూ కిందికి దిగింది. దానికి కొత్త తాళం. తాళాలమ్మే కొట్టు పక్కనుండగా మెయిన్ రోడ్డుకెళ్లి కొనుక్కొచ్చాడు! అప్పుడు మాత్రం నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సరేలే, నాకు మాత్రం షట్టర్ లేదా? భోజనానికి వెళ్లేటప్పుడు నేనూ దించాను. ఎన్నేళ్లుగానో పగలు దించని షట్టరు, సగంలో ఇరుక్కుపోయింది. నూనె పోసి, తన్ని, చివరికి ఎలాగో దించాను. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక సెలవు రోజున ఇల్మా నా కొట్టుకొచ్చింది. ఫోన్‌లో ఫొటో చూపించింది. తండ్రి కంప్యూటర్‌లోని పసుప్పచ్చ పట్టీ, పక్కన టైములు.

"సూడు మావయ్యా. నువ్వు రావడం మానేసినా ఆగలేదు. ఇవేవీ నమాజు టైములు కూడా కావు. షట్టర్ తీసుంచి, అబ్బాజాన్ ఒక్కడే కుర్చీలో ఉన్న టైములు."

ముందు నాకు పండగలా అనిపించింది. "సూసేవా! నాను సెప్పలేదా! నన్ను దొంగని సేసేడు మీ అబ్బ!" అని కేకేసి, ఆ ఫోన్ పట్టుకుని అతని మొహాన కొట్టినట్టు చూపించాలని లేచాను. అప్పుడు పిల్ల మొహం కనిపించింది. అది ఏడుస్తోంది.

"ఇంట్లోనూ అంతే మావయ్యా. అన్నం తిని సెయ్యి కడుక్కుని, అన్నం పెట్టలేదేటని అడుగుతున్నాడు. వేళాకోళం అనుకుని అమ్మీ నవ్వేసేది. ఇప్పుడు నవ్వట్లేదు."

ఫోన్ దాని చేతిలో పెట్టేశాను. రెండోసారి తాగిన టీలన్నీ గుర్తొచ్చాయి. నా మీద నింద పోవాలంటే అతని బుర్రలో ఏదో చెదిరిందని తేలాలి. అలాంటి గెలుపు నాకొద్దు. దొంగ అన్న పేరు నాకే ఉండిపోతే బాగుణ్ణని నిజంగా అనిపించింది.

డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడని ఇల్మా చెప్పింది. లేని రోగం అంటగడతారట. తనూ తల్లీ చెబితే ఇద్దరూ ఒక్కటయ్యారంటాడట. "నువ్వు ఒకపాలి వచ్చి పక్కనుండు మావయ్యా," అంది. ఏం చెయ్యాలో దానికీ తెలీదు, నాకూ తెలీదు.

మర్నాడు రెండు టీలు పట్టుకుని అతని కొట్టుకి వెళ్లాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గల్లా బల్లకి ఇవతలే నిలబడ్డాను. అప్పటికే అక్కడ నాతవరం నుంచి వచ్చిన మరిడమ్మ విరిగిన కుక్కర్ పిడి పెట్టుకుని ఉంది. భాయ్ పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, పేజీ వెతికి తెరిచాడు. ఇలాంటిదే తెప్పిస్తాను, వచ్చే వారం రమ్మన్నాడు. నిజానికి అలాంటి పిడులే రెండు పెట్టెలు అతని వెనకాల అరలో ఉన్నాయి. ఆ సంగతి నేనంటే మళ్లీ కూపీ లాగుతున్నానంటాడు. మరిడమ్మ ఎదురుగా ఉన్న కొట్లో సబ్బులు కొనుక్కుని, పిడి ఇక్కడే మర్చిపోయానంటూ వెనక్కి వచ్చింది. భాయ్ గల్లా మీద పిడిని చూశాడు, ఆమెని చూశాడు.

"ఏటమ్మా, కుక్కర్ పిడా? ఉండు, సూత్తాను," అంటూ మళ్లీ వెతికి నొక్కాడు.

పసుప్పచ్చ పట్టీ వచ్చింది.

"ఓలమ్మ! ఇప్పుడే కదా బాబూ సూసేవు," అంది మరిడమ్మ. పిడి తీసుకుని, మా ఇద్దరినీ వింతగా చూస్తూ వెళ్లిపోయింది.

అతను ఆ పట్టీని చాలాసేపు చదివాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇది ఎవుడు తెరిసేడు?"

"నానే భాయ్," అన్నాను. ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలీదు. "పొరపాట్న సెయ్యి తగిలింది."

అతని చూపు నా చేతుల మీదికి వచ్చింది. ఒక్కో చేతిలో ఒక్కో టీ గ్లాసు, చల్లారిపోతూ. మా ఇద్దరి మధ్యా గల్లా.

"రెండు సేతుల్తో గ్లాసులట్టుకుని, అక్కడ నిలబడి తెరిసేవా?"

ఎన్నో ఏళ్లుగా అందరి అబద్ధాలూ పట్టుకున్న మనిషి, నాది వదులుతాడా? అతను తెర వైపు తిరిగి ఆ టైములన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి అరలో ఉన్న రెండు పెట్టెల వైపు చూశాడు. జేబులోంచి కొత్త తాళం చెవి తీసి అరచేతిలో పెట్టుకుని దాన్నీ చూశాడు. అనుమానించడంలో హిదాయతుల్లా భాయ్ ఎప్పుడూ ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. తనకీ ఇవ్వలేదు.

"నానేనేటి బావా?" అన్నాడు.

గారూ పోయింది. బావ తిరిగొచ్చింది. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, గ్లాసు అతని చేతికిచ్చాను. అడుగున ఏముందో చూడకుండా తాగేశాడు.

ఖాళీ గ్లాసులు పట్టుకుని నా కొట్టుకి వచ్చేశాను. మధ్యాహ్నం అజాఁ వినబడింది. షట్టర్ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. చప్పుడు రాలేదు. భాయ్ నా గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త తాళం నా గల్లా మీద పెట్టాడు.

"ఇది నీ కొట్లో అమ్మేసీ. బాగోలేదు."

"అలాగే."

"శనివారం ఇశాపట్నం డాక్టరు దగ్గిరికెల్దారి. ఇల్మాకి ఫోన్లో సెప్పేను. నువ్వూ వత్తన్నావు. ఆడేటి సెప్పేడో నాకు గురుతుండకపోతే నువ్వు సెప్పాలి. ఆడు నిజమే సెప్తన్నాడో లేదో, అదీ నువ్వే సూడాలి."

"వత్తాను భాయ్."

అతను వెళ్లి తన గుమ్మానికి అడ్డంగా స్టూలు పెట్టాడు. నా వైపు చూశాడు. "సూసుకో" అంటాడని ఎదురుచూశాను.

"బావా, ఇన్నాళ్ళూ నాను లేనప్పుడు సూసుకోమన్నాను," అన్నాడు. "ఇకమీదట నాను ఉన్నప్పుడూ సూసుకో."

అని, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూడకుండా నమాజుకి వెళ్లిపోయాడు.