రెండంగుళాల స్పాంజి నిక్కరు

ఒక వాదనలో మీరెప్పుడైనా నూటికి నూరుపాళ్లు గెలిచి, తీరా ఆ గెలుపు మీద కూర్చోలేక అవస్థ పడ్డారా? మాట చమత్కారానికి అడుగుతున్న ప్రశ్న కాదిది. నేను అక్షరాలా పడ్డాను. నా గెలుపు రెండంగుళాల మందం ఉండేది, ముదురాకుపచ్చ రంగు, నడుముకు ఎలాస్టిక్కు.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, మాదాపూర్ వైపు బస్సు దిగితే కనిపించేవి సగం బండలు, సగం క్రేన్లు. హైటెక్ అనే మాట మాత్రం కట్టడాల కన్నా ముందే లేచి బోర్డుల మీదికెక్కింది. హైటెక్ టిఫిన్లు, హైటెక్ పాన్ షాపు; కొత్తగూడలో ఒక హైటెక్ కట్టెల అడితి కూడా ఉండేది. ఏలూరులో డిగ్రీ చదివి, కాలేజీ డిబేట్ పోటీల్లో మూడేళ్లు వరసగా కప్పు గెలిచి, అక్కడొక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. కప్పులతో పాటు ఒక జబ్బు కూడా వెంట తెచ్చుకున్నాను: ఎవరు ఏది చెప్పినా దానికి ఆధారమేమిటని అడగడం. (మెహదీపట్నంలో మా హాస్టల్ వంటావిడ ఈ రోజు సాంబారు బాగా కుదిరిందంటే, దానికీ ఆధారం అడిగాను. వారం రోజులు నా పళ్లెంలో ముక్కలు పడలేదు.)

మా కంపెనీలో పరిపాలన చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. గాలి వీచినా సర్క్యులర్ తీసేవారు కాబట్టి అందరం ఆయన్ని సర్క్యులర్ గారు అనేవాళ్లం. అంతకు ముందు మా జిల్లా వైపే ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చారు. ఒక సోమవారం ఆయన కొత్త సర్క్యులర్ తీశారు: ఇకపై సైకిళ్లు ఆవరణలో ఉండరాదు, గేటు బయట, రోడ్డుకు ఆవల బండల దగ్గర పెట్టుకోవాలి. సైకిళ్ల మీద వచ్చేది ఎవరు? సెక్యూరిటీవాళ్లు, ఊడ్చి తుడిచే ఆడవాళ్లను దింపి తామూ అక్కడే పనిచేసే వాళ్ల మగవాళ్లు, డ్రైవర్లు. స్కూటర్లకూ కార్లకూ లోపల రేకుల షెడ్డు ఉంది. పది రోజులు తిరక్కుండానే బండల దగ్గర పెట్టిన సైకిలొకటి పోయింది. అది మా అంతస్తు ఊడ్చే ఆవిడ భర్తది. మర్నాటి నుంచి ఇద్దరూ మణికొండ నుంచి నడిచి రావడం మొదలుపెట్టారు. ఆవిడ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు, అరగంట ఆలస్యంగా రావడం తప్ప. ఆ అరగంటకు కూడా ఒక సర్క్యులర్ వచ్చింది.

సహజంగానే నేను లేచాను. సర్క్యులర్ గారి గదికి వెళ్లి, చక్రం తిప్పేది కాలా, ఇంజనా అన్నదాన్ని బట్టి గౌరవాన్ని నిర్ణయించడం ఏ సూత్రం ప్రకారం న్యాయమో వివరించమన్నాను. ఆయన కోప్పడలేదు. మన వైపు అమ్మాయి అన్న అభిమానం కూడా కొంత చూపించారు. "చూడండమ్మా, ఇక్కడికి ఫారిన్ వాళ్లు వస్తుంటారు. గోడకి ఆనించిన ఇరవై సైకిళ్లు చూస్తే ఇదేదో రేషన్ షాపనుకుంటారండి," అన్నారు. నేను ఆధారం అడిగాను. అప్పుడాయన కళ్లద్దాలు తీసి, "అసలు మీరు బస్సులో వస్తారు కదండీ. సైకిలు సంగతి మీకేం తెలుసని? ఓ పదిహేను రోజులు సైకిలు మీద వచ్చి అప్పుడు అడగండి, షెడ్డు సంగతి ఆలోచిస్తాను," అన్నారు. ప్రతిపక్షం సవాలు విసిరితే ఆలోచించకుండా స్వీకరించాలన్నది మా కాలేజీ సంప్రదాయం. ఆలోచించకుండానే స్వీకరించాను.

హాస్టల్లో నర్సింగ్ చదివే అమ్మాయి దగ్గర పాత సైకిలొకటి తీసుకున్నాను. మెహదీపట్నం నుంచి టోలిచౌకి, రాయదుర్గం మీదుగా ఆఫీసుకు పన్నెండు కిలోమీటర్లు, మళ్లీ సాయంత్రం అంతే. కాళ్లు నొప్పి పుడతాయనుకున్నాను. కాళ్లు చక్కగా సహకరించాయి. సహకరించనిది వేరే. దాని పేరెత్తకుండా ఈ కథ చెప్పడమెలాగో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సైకిలు సీటుకూ రాయదుర్గం బండకూ తేడా ఏమైనా ఉంటే, బండ కొంచెం చల్లగా ఉంటుంది. నాలుగో రోజుకు ఆఫీసు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం అలవాటైంది. పక్క సీటు వాళ్లు నేనేదో లోతుగా ఆలోచిస్తున్నాననుకున్నారు.

అయిదో రోజు, విదేశీ అతిథుల కోసం లాబీలో పేర్చిన పత్రికల్లో ఒక బొమ్మ చూశాను. దూరాలు సైకిలు తొక్కేవాళ్లు వేసుకునే నిక్కరు, లోపల మెత్త పెట్టి కుట్టినది. అలాంటిది అప్పట్లో హైదరాబాదులో ఏ దుకాణంలో దొరుకుతుందో నాకు తెలియదు. దుకాణదారుణ్ని పోయి అడిగే ధైర్యం అసలే లేదు. కుట్టించుకుని సల్వారు కింద వేసుకుందామని నిర్ణయించాను. ఆఫీసుకు దగ్గర్లో, కొత్తగూడలో, ఒక్కతే కూర్చుని రవికెలు కుట్టే అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె భర్త అంతకు ముందు ఏళ్ల తరబడి కొత్తగూడ నుంచి సిటీకి సైకిలు మీద పాల క్యాన్లు మోసినవాడు. ఆమె నా మాట పూర్తి కాకుండానే తలూపింది.

"మా ఆయనకు పదేండ్లు కుట్టిన. నాకెరుకే. ఏడ నొస్తున్నదో జెప్పు బిడ్డా," అంది.

మూడేళ్లు మైకు ముందు తడబడని నోరు అక్కడ తడబడింది. "సాధారణంగా కూర్చునే ప్రాంతంలో," అన్నాను.

"అందరు గాడనే కూసుంటరు," అంది అక్క. "ముందటికా, ఎన్కకా?"

నేను కుట్టుమిషను పక్కన దారపు ఉండలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె జాలిపడి, వెనక గదిలో గోడకానించిన భర్త సైకిలు చూపించింది. తలుపు వేస్తాను, ఎక్కి కూర్చుని, ముందుకు వంగి హ్యాండిలు పట్టుకో, అప్పుడు కొలుస్తాను అని ఆమె మాటల సారాంశం. ఆ భంగిమలో నన్ను నేను ఊహించుకున్నాను. సిగ్గుకు సూత్రం తొడగడం నాకు బాగా తెలిసిన విద్య. "కొలతలు నిలబెట్టి తీస్తారక్కా. ఎక్కడైనా అదే పద్ధతి," అన్నాను.

"నిలబడేటోళ్లకు నిలబెట్టి తీస్తరు. నువ్వు కూసునేతందుకు గద కుట్టించుకుంటున్నవ్."

నేను వెంటనే విషయం మార్చి మందం దగ్గరికి వచ్చాను. అక్క ఉద్దేశం ప్రకారం, పాత బనీను గుడ్డతో ఒంటికి అతుక్కునేలా కుట్టి, ఎముక ఆనే రెండు చోట్ల మాత్రం రగ్గు ముక్క రెండు మడతలు పెట్టాలి, నడిమధ్యన కుట్టు రాకూడదు. నాకది మరీ పేదగా తోచింది. సోఫాలకు వాడే స్పాంజి, రెండంగుళాలది, చుట్టూ వేయమన్నాను. అంత వద్దంది. అప్పుడు నాలోని వక్త నిద్ర లేచింది. మెత్తదనం నొప్పిని తగ్గిస్తుందా లేదా అని అడిగాను. తగ్గిస్తుందంది. అయితే ఎక్కువ మెత్తదనం ఎక్కువ తగ్గించాలి కదా అన్నాను. అక్క పంటితో దారం తెంపింది. పరుపు మీద పడుకునేవాళ్లకు నడుము నొప్పులు రాకూడదు కదా మరి అంది. అది ప్రస్తుతాంశానికి సంబంధం లేని ఉదాహరణ అని కొట్టిపారేసి, మరో మూడు అంశాలు చెప్పాను. (ఒక అంశం చెబుతుంటే వేలు కూడా ఎత్తానని గుర్తు.)

"సరే బిడ్డా, నువ్వే గెలిచినవ్," అంది అక్క. "నాకు కుట్టుడే వస్తది, మాట్లాడుడు రాదు. ఒక్క ముచ్చట మాత్రం ఇను. దీని లోపట ఇంగోటి ఎయ్యకు. కుట్లు ఒత్తుకుంటయ్."

దాన్ని నేను సలహాగా కాక, మా ఇంటి పెంపకం మీద దాడిగా తీసుకున్నాను.

తొమ్మిదో రోజు నిక్కరు చేతికొచ్చింది. వేసుకుని అద్దంలో చూసుకుంటే, సల్వారు కింద ఎవరో ఒక చిన్న సోఫా దాచినట్టుంది. మొదటి రెండు కిలోమీటర్లు మాత్రం స్వర్గం. టోలిచౌకి వచ్చేసరికి స్పాంజి తన స్వభావం బయటపెట్టింది. ఎముక కింద నలిగి అట్టలా అయిపోయి, అక్కడ లేని మందమంతా పక్కలకు పొంగి, ఒత్తకూడని చోటల్లా ఒత్తడం మొదలుపెట్టింది. చెమట పీల్చుకుని బరువెక్కింది. లోపల నేను పంతం కొద్దీ వేసుకున్న రెండోదాని కుట్లు ఒక్కొక్కటీ తమ ఉనికిని విడివిడిగా చాటుకున్నాయి. మర్నాడు విప్పేసి మామూలుగా రావచ్చు కదా అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ విప్పితే అక్క చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టు. అందుకని పదిహేనో రోజు దాకా అదే నిక్కరు ఉతికి, ఆరకముందే వేసుకుని, రాయదుర్గం ఎత్తు నుంచి ఆఫీసు దాకా సీటుకు తగలకుండా నిలబడి తొక్కాను. కూర్చోవడానికి కుట్టించుకున్న నిక్కరుతో నిలబడి ప్రయాణం చేసిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పదహారో రోజు ఉదయం సర్క్యులర్ గారు పిలిచారు. ఆ రోజు బస్సులో వెళ్లాను, బస్సులోనూ నిలబడే. గదిలో అడుగు పెట్టగానే ఆయన కూర్చోమన్నారు. పర్వాలేదండి అన్నాను. అలా కాదు, కూర్చోండి అన్నారు. వద్దండి అన్నాను. ఎదురుగా కుర్చీ, చెక్కది, దిండు లేనిది. ఆయన ఫైలు తెరిచి, మూసి, నా వైపు చూశారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి బిగించి (నొప్పికి), గోడ మీద క్యాలెండరు వైపు రెప్ప వేయకుండా చూస్తున్నాను. గోడకు అవతల సైకిళ్ల వాళ్ల భవిష్యత్తు నా మాట మీద ఆధారపడి ఉంది. పదిహేను రోజులుగా మనసులో దిద్దుకున్న ప్రసంగంలో మాత్రం ఒక్క వాక్యమూ గుర్తు రావడం లేదు. అలా ఎంతసేపు గడిచిందో. మూడోసారి కూర్చోమన్నప్పుడు ఆయన గొంతు మారింది.

"అమ్మా, చక్కెర ఫ్యాక్టరీలో యూనియన్ వాళ్లు ఇలాగే నిలబడేవారండి. కూర్చోమంటే కూర్చునేవారు కాదు, మాట్లాడమంటే మాట్లాడేవారు కాదు. మర్నాడు మిల్లు ఆగిపోయేది," అన్నారు. తర్వాత కలం తీసి ఏదో రాసి, సంతకం పెట్టి, కాగితం నా వైపు తిప్పారు. "గేటు లోపల, ఎడమ పక్క, ఇరవై సైకిళ్లకి రేకుల షెడ్డు. సరేనా అండి? ఇక కూర్చోండి."

కూర్చోకపోతే సంధి కుదరనట్టు. కాబట్టి కూర్చున్నాను. కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. సర్క్యులర్ గారు కూడా చలించిపోయి, తల పక్కకు తిప్పుకుని, "పేదవాళ్లంటే మీకింత ఇదని నాకు తెలీదమ్మా," అన్నారు.

నిజం చెప్పవలసిన సందర్భం అదే. ప్రతి మాటకూ ఆధారం అడిగిన మనిషిని, ఆ ఒక్క మాటకు మాత్రం అడగలేదు. నెల తిరిగేలోపు షెడ్డు లేచింది. మణికొండ దంపతులు పాత సైకిలొకటి కొనుక్కుని, అందులో మొదటి గడిలో పెట్టుకున్నారు. మా మేడం గంటసేపు నిలబడి సాధించిందట అన్న కథ రాయదుర్గం దాకా పాకింది. గేటు దగ్గర పనిచేసే పాలమూరు పెద్దాయన కూడా విన్నాడు. ఒక సాయంత్రం, షెడ్డు మర్యాద నిలబెట్టడానికి నేను మళ్లీ అరువు తెచ్చుకున్న సైకిలు బయటికి తీసి అందిస్తూ, "గంట సేపు నిలబడ్డరంట గద మేడం," అన్నాడు. మొహమాటంగా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. "మేము పన్నెండు గంటలు నిలబడతం. మమ్ముల ఎవ్వరు గుర్తు పట్టరు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే జవాబు చెప్పి ఉండేదాన్ని.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాను. నేను చెప్పలేదా అని ఆమె అంటుందని, దానికి సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె ఆ మాట అనలేదు. టేపు మెడలో వేసుకుని, వెనక గది తలుపు వేసి, సైకిలు స్టాండు దించి, "ఎక్కు," అంది. ఎక్కాను. వంగాను. ఏడ నొస్తున్నదో ఈసారి చూపించాను. కొలిచింది. బనీను గుడ్డ, రగ్గు ముక్క రెండు మడతలు, లోపల ఇంకోటి లేదు. ఆ నిక్కరుతో ఒక ఆదివారం శంకరపల్లి దాకా వెళ్లి వచ్చి, హాస్టల్ మెస్సులో బల్ల మీద నిటారుగా కూర్చుని భోంచేశాను. సాంబారు బాగుందని వంటావిడతో నేనే అన్నాను.

ఇప్పుడు కొత్తగూడలో ఫ్లైఓవరు వచ్చింది. అక్క గది ఎక్కడుండేదో దాని స్తంభాల్లో ఏదో ఒకటి చెప్పాలి. మా షెడ్డు జాగాలో కార్లు అంతస్తులుగా నిలబడతాయి. ఆఫీసులో కుర్రవాళ్లు ఆదివారాల్లో గుంపులుగా సైకిళ్ల మీద బయల్దేరుతూ, మెత్త నిక్కర్లు కొనడానికి నా సలహా అడుగుతారు. అందరూ చేసే పని ఒకటే: దుకాణంలో బొటనవేలితో నొక్కి, ఏది ఎక్కువ మెత్తగా ఉంటే దాన్ని ఎంచుకోవడం. వేలితో కాదు నాయనా, దాన్ని వాడేది వేలు కాదు, వేసుకుని సైకిలెక్కి వంగి చూడండి, పల్చగా, ఒంటికి అతుక్కుని, నడిమధ్య కుట్టు లేనిది చూడండి అంటాను. ఆధారమేమిటని ఒక అమ్మాయి అడిగింది. వేలెత్తి మరీ అడిగింది. ఆ పిల్లను చూస్తే ముచ్చటేసింది, కాస్త భయమూ వేసింది.

అయితే మిమ్మల్ని అడగదలచింది నిక్కరు గురించి కాదు. గేటు పెద్దాయన ఆ సాయంత్రం నాకొక అంశం ఇచ్చాడు. నేను దాని మీద మాట్లాడలేదు. షెడ్డు గెలిచిన గర్వంలో కుర్చీ సంగతి అడగడం మరిచిపోయాను. ఆయన రిటైరయ్యే దాకా నిలబడే ఉన్నాడు. రేపు మీరు పనికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, అక్కడి మనిషికి కుర్చీ ఉందో లేదో చూడండి. లేకపోతే లోపలికి వెళ్లి అడగండి. వాళ్లు ముందు మిమ్మల్ని కూర్చోమంటారు. కూర్చోకండి.