అక్క జపం

ఫోన్ వచ్చేసరికి నేను దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. మాహులి కొండల కిందున్న ఆదివాసీ గూడెం, పాడా అంటారు, అక్కడి నుంచి ఎవరో మరాఠీలో మాట్లాడారు. "తుమ్‌చీ తాయీ గేలీ." మీ అక్క పోయింది అని. ముసురుకు జ్వరం తగులుకుందట, దవాఖానకు పోదామంటే రేపు చూద్దామందట. ఆయన ఇంకా ఏదో చెబుతుంటే నేను అడ్డం పడి, "ఆమె దగ్గర ఇంకెవరున్నారు?" అన్నాను. పాపం ఆ మనిషి, చివరి ఘడియలో తోడెవరని అడుగుతున్నాననుకుని, "మా ముసలి ఆజీ ఉంది, మేమంతా ఉన్నాం" అని ఓదార్చాడు. నేనడిగింది అది కాదు. మా అక్కను ఇంట్లోంచి తీసుకుపోయినవాడెవడో ఇప్పుడైనా బయటపడతాడేమోనని అడిగాను.

మాది భివండిలో కామత్‌ఘర్, సిరిసిల్ల నుంచి వలసొచ్చిన నేతగాళ్ళం. మమ్మల్ని కన్న అవ్వ మా చిన్నప్పుడే పోయింది. బాపు నాలుగు సాంచెలు పెట్టుకుని నడిపేవాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. అది ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని మా దగ్గర పుట్టిన పిల్లలకు మాటలు రావడం, పెదవులు చూసి మాట పట్టుకోవడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. గొంతుతో పనిలేదు. పెదవులు కదిపితే చాలు, కార్ఖానా ఆ చివర నుంచి ఈ చివరకు సంసారమంతా నడిచిపోతుంది. నేను బడి నుంచి రాగానే, లోపల కండెలు చుడుతున్న అక్క మెడ ముందుకు చాచి, కనుబొమలెత్తి, గొంతు లేకుండా అడిగేది: "తిన్నవానే?" ఆడుకోవడానికి పోవాలన్న తొందరలో నేను "తిన్న" అని పెదవులు కదిపేదాన్ని. ఆమె ఒక్క క్షణం ఆగి, తల అడ్డంగా ఊపి, లేచి వచ్చి నా మూతి వాసన చూసేది. మా ఇంట్లో అనుమానం నాకొక్కదానికే ఉందనుకోకండి.

కరెంటు పోతే గల్లీ అంతా తిట్టుకునేది. అక్క ముఖం మాత్రం విప్పారేది. మిద్దె మీదికి ఎక్కి, ఏమీ చేయకుండా నిలబడేది. ఒకసారి కోరా గుడ్డ మడతపెడుతూ బాపును అడిగింది.

"బాపూ, గీ బట్ట ఎవ్వలు కట్టుకుంటరే?"

"నాకేమెరుక? సేటు కొంటడు."

"సేటు కట్టుకోడు గదా. గింత నేసినం, ఎటు పోతదో ఎన్నడన్న చూసినమా?"

"నీకేమన్న బుర్ర తిరుగుతున్నదా ఏంది?" అని బాపు తెగిన పోగు ముడేసుకోవడానికి పోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే, సాంచెలు బందుండే ఒక శుక్రవారం, ఒక చేతిసంచి పట్టుకుని నాతో అంది: "అడివికి పోతున్న. ఎందుకు బతుకుతున్ననో తెల్సుకోవాలె. నన్ను ఎతుకకుండ్రి." అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఇలాంటి మాట కాషాయం కట్టినవాళ్ళ నోట విన్నాను గానీ, చున్నీకి పోగులు అంటుకున్న పిల్ల నోట వినలేదు. సాయంత్రానికి ఆకలేసి తిరిగొస్తుందనుకున్నాను.

రాలేదు. ఎవనితోని పోయిందని గల్లీ అడిగింది. బాపు ముందు చేసిన పని, గల్లీలో ఏ మగపిల్లవాడైనా కనపడకుండా పోయాడా అని చూడటం. అందరూ ఉన్నారు. టెంపో నడిపేవాడు, నూలు దుకాణంలో గుమాస్తా, అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. అది ఆయన్ను మరింత భయపెట్టింది. కొన్ని నెలలకు, శహాపూర్ బస్టాండులో అక్క ఆకు దొన్నెల్లో అడవి పండ్లు అమ్ముతుంటే చూశానని తెలిసినవాళ్ళొకరు చెప్పారు. బాపు వెళ్ళి ఒక్కడే తిరిగొచ్చాడు. "ఎవ్వలు లేరు, ఒక్కతే ఉన్నది" అన్నాడు. గల్లీకి మాత్రం, సిరిసిల్లలో మేనత్త దగ్గర ఉంటోందని చెప్పాడు.

బాపు ఒక్కతే అన్నాడు కదా అని నేను నమ్మలేదు. వీలైన శుక్రవారాల్లో ముందుగా చెప్పకుండా వెళ్ళేదాన్ని. చెప్పి వెళితే దాచేస్తారని. పాడా దాటి, చెట్లలోకి కొంచెం ఎక్కితే ఆమె గుడిసె. అడుగు పెట్టగానే నా కళ్ళు దండెం మీదికి పోయేవి, మగవాళ్ళ చొక్కా ఉందా అని. తర్వాత గోడ మీదికి, ఏ బాబా ఫోటో అయినా తగిలించిందా అని. తర్వాత ఆమె మెడలోకి. ఏమీ ఉండేవి కావు. ఒక్కటే దొరికింది నాకు. ఒక్క మనిషికి ఆ గిన్నెలో అన్నం చాలా ఎక్కువ.

"గింత బువ్వ ఎవ్వలకే?" అన్నాను ఒకసారి.

"కోళ్ళకు" అంది అక్క. కోళ్ళు నిజంగానే ఉన్నాయి, కింద పాడాలో ఉండే ఆజీవి. అయినా నేను ఆ అన్నాన్ని మనసులో పెట్టుకున్నాను.

ఆమె నన్ను తనిఖీ చేయకుండా వదిలేది కాదు. నా కుర్తా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, "గిది మన దిక్కు బట్ట కాదు" అనేది. అడవికి పోయి అన్నీ వదిలేసిన మనిషికి బట్ట సంగతెందుకు? అదీ అనుమానమే నాకు. రాగి చేలో కలుపు తీసేది, ఇప్పపువ్వు ఏరేది, ఆజీ మోకాళ్ళకు నూనె రాసేది. గిదేనా నువ్వు ఎతికింది అని నేను ఎత్తిపొడిస్తే నవ్వేది. "గిక్కడ పొద్దుగూకింది తెలుస్తదే. మన దగ్గర లైట్లు ఆర్పింది ఎప్పుడు?" అనేది. అర్థం దొరికిందా అని అడిగితే, "ఎతుకుతున్న. దొరుకుతే నీకు చెప్పకుంట ఉంటనా?" అనేది. ఆ మాట కూడా తప్పించుకోవడానికే అనుకున్నాను.

ఎందుకంత పట్టుదల అంటారేమో. ఎవడో ఒకడు ఉంటే వాణ్ణి కడుపారా తిట్టుకోవచ్చు. ఎవరూ లేకపోతే, మా అక్క తనంతట తనే నన్ను వదిలేసి పోయినట్టు. అవ్వ పోయాక నాకు తల దువ్విన మనిషి ఆమె. ఎవడూ లేడన్నది నాకు మింగుడుపడే మాట కాదు.

ఫోన్ వచ్చిన ఆ రోజు బాపునూ వెంటబెట్టుకుని, షేర్ ఆటోలో, బస్సులో, జీపులో పోయాం. వాన తెరిపిచ్చినప్పుడు వాగు ఒడ్డున బాపు నిప్పు పెట్టాడు. చూడటానికి పాడా వాళ్ళంతా వచ్చారు. నేను ఒక్కొక్క మగవాడి ముఖం చూశాను, ఎవడు ఎక్కువ ఏడుస్తున్నాడా అని. అందరూ ఒకేలా ఉన్నారు.

అక్కడి నుంచి సామాను సర్దే వంకతో గుడిసెలోకి పోయాను. చాప ఎత్తి చూశాను, బియ్యం డబ్బాలో చేయి పెట్టాను, పైకప్పు ఆకులు కదిపాను. వెనక నుంచి మాట వినపడింది. గుమ్మంలో ఆజీ, పళ్ళు లేని నోటితో, ఆకు నములుతూ.

"ఏం వెతుకుతున్నావు పోరీ?" అంది మరాఠీలో. "ఏం లేదందులో. ఆ పిల్లకు జపం తప్ప ఇంకేం ఉండేది!"

ఇంకేం, దొరికిపోయాడనుకున్నాను. "ఏం జపం? ఏ బాబా ఇచ్చాడు?"

"నాకేం తెలుసు? రోజూ పొద్దు వాలేటప్పుడు ఆ బండ మీద పడమటికి తిరిగి కూర్చునేది. నోట్లో నోట్లోనే. మేమెవరం కదిలించేవాళ్ళం కాదు, దేవుడి పని కదా. శుక్రవారం మాత్రం బోలెడంత వండి దారి చూసేది. ఎవరూ రాకపోతే నా కోళ్ళకు పండగ."

పడమటికి సూర్యుడే కాదు, భివండి కూడా ఉంది. ఆ జపం ఎలా ఉండేదో చూపించమన్నాను. ఆజీ సిగ్గుపడింది. తర్వాత ఆకు ఉమ్మేసి, గుమ్మంలోనే చతికిలబడి, మెడ ముందుకు చాచింది. కనుబొమలెత్తింది. ముడతలు పడ్డ ఆ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

తిన్నవానే?

నాకు నమ్మకం కలగలేదు. మళ్ళీ చెయ్యమన్నాను. ఆజీ మళ్ళీ చేసింది. ఒక్క తెలుగు ముక్క రాని మనిషి, ఏళ్ళ తరబడి చూసింది చూసినట్టు చేసింది. చేసి, ఒక్క క్షణం ఆగింది, జవాబు కోసం చూస్తున్నట్టు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఇట్లా కూడా అనేది చివర్లో" అంది ఆజీ. "ఎందుకో మరి."

పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. అయినా బండ వైపు తిరిగి, గొంతు పెట్టకుండా, "తిన్ననే అక్కా" అని పెదవులు కదిపాను. నేనూ జపం మొదలుపెట్టాననుకుంది ఆజీ. చేతులు జోడించి, చప్పుడు కాకుండా లేచి, కోళ్ళను అదిలించుకుంటూ పక్కకు వెళ్ళిపోయింది.