ఇది కుడి చెవి

పొద్దున పుస్తకం తెరవగానే పేజీ అంచున చిన్న నెత్తురు చుక్క కనిపించింది. గుర్తుకోసం పేజీల మధ్య పెట్టుకునే జడపిన్నుది ఆ మరక. చదువుతూ చదువుతూ దానితోనే కుడి చెవి గోక్కుంటాను. వారం రోజులుగా దురద ఆగడం లేదు.

ఆ మరక మా జేజి, అదే మా నాయనమ్మ, కంట పడింది. సరిగ్గా అప్పుడే చెవుల్లో గులిమి తీసే అతను మా వీధిలో పోతున్నాడు.

"ఏమప్పా, ఇట్ల రా. మా పాప చెవిలో ఏముండాదో చూడు," అని పిలిచేసింది.

అతను అరుగు మీద కూర్చుని సన్నటి ఇనుప కడ్డీకి దూది చుట్టాడు. నేను తలుపు వెనక్కి వెళ్ళిపోయాను.

"కాన్వెంటులో అంత చదువు చదివినావు, చెవి చూపిచ్చేదానికి సిగ్గా? రామ్మా!"

"సిగ్గు కాదు. ఇది కుడి చెవి, జేజీ."

జేజి అతనికి గ్లాసెడు మజ్జిగ ఇచ్చి పంపేసింది. తరువాత టెంకాయ నూనె గోరువెచ్చగా చేసి, ముందు తన మణికట్టు మీద వేసి చూసుకుని, మెత్తని గుడ్డతో నా చెవి బయట మాత్రమే అద్దింది.

"ఈ ఎండలకు చెవి ఎండిపోయింటాది. దాన్ని పిన్నుతో కెలికితే దురద యాడికి పోతాది?"

పిన్నును ఉప్పుజాడీ వెనక దాచింది. దాచిన చోటు నాకు తెలుసు. సాయంత్రం నుంచి వంటింటి గడప దాకా నాలుగుసార్లు వెళ్ళి వచ్చాను. చెవి దురద పెడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మీలో ఎవరికైనా చేతనైతే నాకూ చెప్పండి.

నా ఎడమ చెవి ఆరేళ్ళప్పుడు ఇలాంటి కడ్డీ గుచ్చుకుని వినపడకుండా పోయింది. ఆ రోజూ పిలిచింది జేజే.