టైపిస్టు లాగిన్

ఆ ప్రెస్సులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ బాబాయి అనే పిలుస్తారు. ఏ మెషీన్ మొరాయించినా వెంటనే దాని మీద చెయ్యి వెయ్యడు. కుర్చీ లాక్కుని, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఎప్పట్నుంచమ్మా?" అని డాక్టరులా అడుగుతాడు. తప్పు ఎవరిదో తెలిసినా పైకి మాత్రం అనడు.

ఆవేళ ప్రూఫులు దిద్దే అక్కయ్య పిలిచింది. కొత్త లినక్స్ మెషీన్‌కి మారినప్పట్నుంచీ ఆవిడకి అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. అదే మెషీన్ మీద తన లాగిన్‌తో పనిచేసే టైపిస్టు మాత్రం "నాకు శుభ్రంగానే ఉన్నాయండీ" అంటున్నాడు. పాపం, కళ్ళజోడు కూడా మార్చి చూసింది.

"కళ్ళు పోయాయి బాబాయ్. ఇక ఉద్యోగం మానేస్తాను," అంది.

బాబాయి టైపిస్టు చేత లాగిన్ చేయించి, ఆవిడని తెర ముందు కూర్చోబెట్టాడు. "ఏదీ, చదువు." ఆవిడ గడగడా చదివేసింది.

"తెర అదే, కళ్ళూ అవే. మరి ఎక్కడ పోయాయమ్మా?"

పాత మెషీన్ నుంచి ఆవిడ తన ఫైళ్ళన్నీ మూటగట్టి తెచ్చుకున్నప్పుడు, ఆ పాత తెరకి సరిపడేలా పెట్టుకున్న ఫాంట్ సెట్టింగు కూడా కంటపడకుండా ఆవిడ లాగిన్‌లోకి వెంట వచ్చేసింది. బాబాయి దాన్ని తీసేసి, ఆవిడ లాగిన్ మళ్ళీ తెరిపించాడు. అక్షరాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"అయితే నేనే తెచ్చిపెట్టుకున్నానా?"

"అదే వచ్చిందిలే."

ఆవిడ మళ్ళీ తెరకేసి చూసింది. "మళ్ళీ అలుక్కుపోతున్నాయి బాబాయ్," అంది, చెంపలు తుడుచుకుంటూ.

"ఆ రిపేరు నాకు రాదమ్మా," అంటూ బాబాయి జోడు తీసి తుడుచుకోసాగాడు.