కరెంటు పోయాక వచ్చిన గాలి

దెయ్యాలూ గాలిచేష్టలూ నేను నమ్మిన మనిషిని కాదు. చెన్నై పక్క తిరువొత్తియూరులో మా ఆయన కన్ను మూసిన గదిలోనే ఇన్నాళ్లూ పడుకుంటున్నాను. ఏనాడూ ఏమీ కనిపించలేదు. నాకు పేరు రాయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

అమ్మాయి కాలేజీలో కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తోంది. తను రాసిన ప్రోగ్రాం ఎంత వేగంగా నడుస్తుందో కొలవాలి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద ఒకసారి, కాలేజీలో బోలెడు కంప్యూటర్లను ఒకటిగా కలిపిన క్లస్టర్ మీద ఒకసారి. అక్కడ ఏసీ గది, లెక్క నిలకడగా వచ్చేది. ఇక్కడ ఎండాకాలం, రేకుల ఇల్లు. ల్యాప్‌టాప్ వేడెక్కి మందగించేది, కొలత ఒక్కోసారి ఒక్కో రకంగా వచ్చేది. ఇంట్లో అంకెలు కుదరకపోతే ఈసారి పరిశోధన పేపరు పంపనని వాళ్ల సారు తేల్చి చెప్పాడు. పంపకపోతే ఏడాది పోయినట్టే.

ఆ రోజు అమ్మాయి క్లస్టర్ పని చూసుకోవడానికి కాలేజీకి పోయింది. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు రోజు నుంచి నడుస్తోంది. మధ్యలో ఆపితే అంతా మొదటికి వస్తుంది. టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి నన్ను కాపలా పెట్టింది.

"ఈడే కూర్చోమ్మా. దాన్ని మాత్రం తాకొద్దు."

"పొయ్యి మీద పాలా అది, పొంగుతాయని కాపలా కాసేదానికి?" అన్నాను. నవ్వుకుంటూ పోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బ్యాటరీ ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంది. వీధిలో గుంత తవ్వుతున్నారని, దుమ్ము రాకుండా తలుపూ కిటికీలూ ముందే మూసేశాను. విసరడానికి అట్టముక్క కోసం లేచాను. అప్పుడు గోడ మీద క్యాలెండరు కదిలింది.

కాసేపు రెపరెపలాడింది. ఆగింది. మళ్లీ రెపరెపలాడింది.

ఆ తీరు నాకు తెలుసు. అమ్మాయి చిన్నప్పుడు కరెంటు పోతే, చదువుకుంటున్న దాని పక్కన కూర్చుని మా ఆయన అట్టముక్కతో విసిరేవాడు. లేత్ మిషన్ మీద పని చేసి చేసి భుజం పాడైన మనిషి. కాసేపు విసిరి, ఆగి, చెయ్యి మార్చుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు.

భయం వేయలేదు. తిరిగి కూర్చున్నాను. కరెంటు వచ్చేదాకా క్యాలెండరు అలాగే కదిలింది.

సాయంత్రం అమ్మాయి వచ్చి చూసింది. అంకెలన్నీ నిలకడగా ఉన్నాయి. వేడి చూపించే గీత కరెంటు పోయినప్పటి నుంచీ కిందికి దిగింది.

"ఎంతసేపు విసిరినావమ్మా, చేతులు లాగలేదా?" అంది.

నేను విసరలేదన్నాను. క్యాలెండరు సంగతి చెప్పాను. అది లేచి కిటికీ గడియలు చూసి వచ్చింది.

"ఆ గీత పక్కన ఏం రాస్తావు పాపా?"

"నాయన విసిరినాడని రాస్తే సారు ఒప్పుకుంటాడా? కారణం తెలీదని రాస్తా."

అలాగే రాసింది. సారు గుచ్చిగుచ్చి అడిగినా ఆ మాటే చెప్పిందట. పేపరు వెళ్లింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఫ్యాను కట్టేసి, నా చేత అట్టముక్కతో విసిరించి చూసింది. ల్యాప్‌టాప్ చెయ్యి పెట్టలేనంత కాలింది.

ఇంతకన్నా నాకూ తెలియదు. ఇప్పుడు కరెంటు పోతే వెంటనే అట్టముక్క తీయను. కాసేపు క్యాలెండరు వైపు చూస్తాను.