విరగని క్రాంకు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయనా నేనూ మాట్లాడుకోవడానికి ఉన్న చోటు సైకిలు ఒక్కటే. కంకిపాడుకి కాస్త ఇవతలి ఊరు మాది. ఉమ్మడి కుటుంబం. పగటిపూట పెద్దల ముందు కొత్త కోడలు మొగుడితో మాట్లాడటం మర్యాద కాదు. మంచినీళ్లు కావాలంటే ఆయన గాలికి చెప్పినట్టు చెప్పేవారు, నేను గోడకి చెప్పినట్టు జవాబిచ్చేదాన్ని. పోనీ రాత్రి గదిలో మాట్లాడుకుందామా అంటే, మా గదికీ అత్తగారి మంచానికీ మధ్య ఉన్నది తడిక. ఆవిడకి నిద్ర తక్కువ, వినికిడి ఎక్కువ.

అలాంటి ఇంట్లో మామగారు నన్ను టైపు నేర్చుకోమన్నారు. ఉద్యోగం వస్తే ఎవరికి చేదు? ఇన్‌స్టిట్యూటు పట్నంలో, గవర్నర్‌పేటలో, మా ఆయన గుమాస్తాగా ఉన్న బట్టల కొట్టుకి రెండు సందుల అవతల. రోజూ పొద్దున్నే ఆయన తొక్కడం, నేను వెనక క్యారియరు మీద ఒక పక్కకి తిరిగి కూర్చోవడం. బందరు కాలువ వెంటే రోడ్డు. ఆయన ముందుకి చూస్తూ ఏదో అనేవారు, సగం మాట గాలికి పోయేది. నేను "ఏంటండీ?" అనేసరికి పక్కనుంచి లారీ వెళ్లేది. అయినా నాకు అదే భాగ్యంగా ఉండేది.

ఆయనకి సైకిలంటే పిచ్చి. కాలేజీలో ఉండగా పందెంలో రెండోవారిగా వచ్చారట. మొదటివాడు కాకపోవడానికి కారణం ఇనుప క్రాంకులేనని ఆయన వాదన. పెడలుకీ ఇరుసుకీ మధ్య ఉండే ఆ జానెడు కడ్డీ బరువుగా ఉంటే మనిషి బలమంతా దాన్ని తిప్పడానికే అయిపోతుందని, ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేవారు. ఆ వేసవిలో ఎడమ క్రాంకు అరిగిపోయి తొక్కినప్పుడల్లా టక్కుమనడం మొదలుపెట్టింది. ఆయన మొహంలో దిగులేమీ లేదు. పండగొచ్చినట్టే ఉన్నారు.

సాయంత్రం నన్ను కూడా సైకిలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్లారు. కొట్టాయన మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లటి ఇనుముది. ఒకటి తెల్లగా తళతళలాడుతున్న అల్యూమినియంది, ఆటోనగర్లో పాత పిస్టన్లు కరిగించి పోతపోసింది. మూడోది విదేశాల నుంచి వచ్చింది, అదీ అల్యూమినియమే, కాకపోతే దాని ధర మా ఆయన సగం జీతం. రెండూ ఒకే రంగులో ఉన్నాయి కదా, ధరలో అంత తేడా ఎందుకని నేను మెల్లిగా అడిగాను. కొట్టాయన నా వైపు మెచ్చుకోలుగా చూశాడు.

"అల్యూమినియం అంతా ఒకటే జాతి కాదండీ. ఈ విదేశీదాంట్లో వేరే లోహాలు పాళ్ల ప్రకారం కలిపి, కాల్చి, సాగగొడతారు. అందుకే ఉక్కుతో సమానంగా ఆగుతుంది. ఈ రెండోది ఉత్త పోత. మీరు ఇద్దరెక్కే బండికి ఇనుముదే మంచిదండి."

నేనూ ఇనుముదే అన్నాను. మా ఇంట్లో సత్తు గిన్నెలు కింద పడితే ఎన్ని సొట్టలు పడతాయో నాకు తెలుసు. మా ఆయన మాత్రం ఆ పోతపోసినదాన్ని చేతిలోంచి దించలేదు. విదేశీది కొనలేరు, ఇనుముది మనసొప్పదు. చివరికి దాన్నే కొన్నారు. ఇంట్లో చూసి అత్తగారు ఒకే మాట అన్నారు, పైన పటారం, లోన లొటారం అని. ఆవిడతో ఏకీభవించింది జీవితంలో ఆ ఒక్కసారే.

మూడు నెలలు ఆగింది. వరి పొట్టకొచ్చిన రోజులు. సాయంత్రం తిరిగివస్తూ కానూరు దాటాక, వంతెన ఎత్తు ఎక్కడానికి ఆయన లేచి నిలబడి తొక్కారు. టపీమని క్రాంకు రెండు ముక్కలైంది. ఇద్దరం పడలేదు గానీ పడ్డంత పనైంది. విరిగినచోట బెల్లం ముక్క విరిచినట్టు గరుగ్గా ఉంది. ఆయన సిగ్గుతో తల వంచుకుని, నన్ను బస్సెక్కించి తాను నడిచొస్తానన్నారు. నేను ఎక్కనన్నాను.

ఇంటికి రెండు గంటల నడక. ఆయన సైకిలు తోస్తున్నారు, నేను పక్కన. కాలువ నిండుగా ఉంది. గాలి లేదు. ఆయన గొంతు పూర్తిగా విన్నది నేను ఆ రోజే. నేను మొదటి నెలంతా పెరట్లో దాక్కుని ఏడ్చానని చెప్పాను. ఈ సంబంధం వద్దని మా నాన్నతో అన్నానని కూడా చెప్పేశాను. ఆయన గట్టిగా నవ్వారు. పోరంకి దాటాక సైకిలు తోస్తూనే గొంతు తగ్గించారు.

"ఆ పందెంలో క్రాంకుల వల్ల ఓడిపోలేదు," అన్నారు. "చివర్లో నేనే ముందున్నాను. జనమంతా నా వంకే చూస్తుంటే భయమేసింది. కాళ్లు ఆడలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు."

 సైకిలు హ్యాండిలు మీద ఆయన చేతిపక్కన నా చెయ్యి వేశాను. ఊరి దీపాలు కనపడగానే తీసేశాను. ఆలస్యమైనందుకు ఇంట్లో ఇద్దరికీ అక్షింతలు పడ్డాయి. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మర్నాడు మళ్లీ అదే కొట్టు. ఈసారి నేనే ముందుకెళ్లి, "ఆ తెల్లదే తీసుకోండి," అన్నాను. కొట్టాయనకి మతిపోయింది. మా ఆయన కూడా వింతగా చూశారు. మళ్లీ విరగాలనే కొనమంటున్నానని పదిమందిలో ఎలా చెప్పను? తన సరదా తీర్చడానికి అన్నాననుకున్నారు పాపం.

"వద్దులే, నిన్ను ఇంకోసారి అంత దూరం నడిపించను," అని ఇనుముది బిగించేశారు. సైకిలు పిచ్చి ఉన్న మనిషి, నాకోసం ఆ బరువు ఒప్పుకున్నారు.

తర్వాత టైపు పాసయ్యాను. ఉద్యోగం వచ్చింది, బస్సు పాసు వచ్చింది, పిల్లలు వచ్చారు. విడిగా ఇల్లు తీసుకున్నాం, తడిక లేదు, పెద్దల భయం లేదు. మాటలు మాత్రం బియ్యం గురించీ ఫీజుల గురించీ. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డున పడితే కారు అరగంటలో ఊరు చేరుస్తుంది. కానూరు దగ్గర నేను కళ్లు మూసుకుంటాను. ఆ రెండు గంటలు ఇంకొక్కసారి కావాలనిపిస్తుంది. ఇంకేదీ అక్కర్లేదు.

ఆ ఇనుప క్రాంకు ఎన్నేళ్లు తొక్కినా విరగలేదు. అది విరిగితే తప్ప నడవకూడదని ఎవరన్నారో నాకు తెలీదు. "కాసేపు నడుద్దామా అండీ" అని నేను ఒక్కసారైనా అడగలేదు.